వెలుగు సరే, దీపమేదీ?

2024 మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆట. హైదరాబాద్‌లో ఒక మల్టీప్లెక్స్. జపాన్ దర్శకుడు హయావో మియజాకీ సినిమా 'ది బాయ్ అండ్ ది హెరాన్' ఆడుతోంది. నా ముందు వరసలో ఒక తండ్రి, ఏడెనిమిదేళ్ళ కూతురు. ఇంటర్వెల్ దాకా ఆ పాప కళ్ళార్పకుండా చూసింది. ఆ తర్వాత మనిషంత ఎత్తు రామచిలుకలు కత్తులు పట్టుకుని తెర మీదికొచ్చాయి. అవి మనుషుల్ని తింటాయట. పాప తండ్రి భుజం గోకి, "నాన్నా, ఇదంతా కలా?" అనడిగింది. "చూద్దాం ఉండమ్మా" అన్నాడాయన. సినిమా అయిపోయి లైట్లు వెలిగాక ఈసారి ఆయనే అడిగాడు: "నీకేమన్నా అర్థమైందా తల్లీ?" వెనక వరసల్లో నలుగురం నవ్వాం. ఆయన అడిగింది మా అందరి తరఫునా అని ఎవరికి వాళ్ళకి తెలుసు.

ఎనభై రెండేళ్ళ వయసులో, పదేళ్ళ విరామం తర్వాత మియజాకీ విడుదల చేసిన సినిమా అది. రెండు నెలల క్రితమే ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ తెచ్చుకుంది. మంటలు, నీళ్ళు, గడ్డి మీద గాలి, ముసలమ్మల నడక, అన్నీ చేత్తో గీసినవి. చూస్తే కడుపు నిండుతుంది. అయినా బయటికొచ్చేటప్పుడు నాకు మిగిలింది అసంతృప్తి. విందుకి పిలిచి వడ్డించిన విస్తరిని అద్దం వెనక పెట్టినట్టనిపించింది. ఆ నిరాశని అలాగే వదిలెయ్యకుండా, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతకడమే ఈ వ్యాసం పని. ఎందుకంటే ఇది ఒక్క సినిమా గొడవ కాదు. ఎనభై ఏళ్ళకి పైగా బొమ్మల సినిమా వెంట నడుస్తున్న తగువిది.

మూడు తీర్పులు

అర్థంకాని ఫాంటసీ సినిమా వచ్చిన ప్రతిసారీ మూడు తీర్పులు వినబడతాయి. మొదటిది చూసేవాడి మీద: "నీకు ఆ స్థాయి లేదు, పాటలూ ఫైట్లూ ఉన్నవి చూసుకో." రెండోది తీసినవాడి మీద: "ఆయనకే తెలీదు, ఇంక మనకేం చెప్తాడు?" మూడోది మధ్యవర్తి తీర్పు: "అర్థం కావాల్సిన పనేముంది? అనుభవించు చాలు."

మొదటి తీర్పు చెప్పేవాళ్ళు తామెందుకు మెచ్చారో ఎప్పుడూ విప్పి చెప్పరు. రెండోదానికి మియజాకీయే ఆధారం ఇచ్చినట్టు కనిపిస్తుంది. సినిమాని మొదటిసారి తన బృందానికి చూపించినప్పుడు, మీకు బహుశా అర్థమై ఉండదు, నాకూ అర్థంకాని చోట్లున్నాయి అన్న భావం ఆయన మాటల్లో వినిపించిందని అప్పట్లో వార్తలొచ్చాయి. కానీ కర్తకి పూర్తిగా తెలియకపోవడం కళలో నేరమేమీ కాదు. ఏ కవినైనా కదిపి చూడండి. ఇక మూడో తీర్పు వినడానికి బాగుంటుంది గానీ అసలు ప్రశ్నని దాటేస్తుంది. అనుభవించమంటే అనుభవానికి రావాలి కదా! నాకు రాలేదనే కదా నా గొడవ.

ఈ చిక్కు విప్పడానికి మనకి మనవాళ్ళే ఒక పనిముట్టు ఇచ్చిపోయారు. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకం' రాశాడు. కావ్యానికి ఆత్మ ధ్వని అన్నాడు, అంటే మాట పైకి చెప్పకుండా లోపల మోగించే అర్థం. అంతటి ధ్వనివాది కూడా పైకి కనబడే వాచ్యార్థాన్ని తీసిపారెయ్యలేదు. వెలుగు కావలసినవాడు ముందు దీపశిఖ సంగతి చూసుకుంటాడు, ధ్వని కోరేవాడు వాచ్యార్థం సంగతి అలాగే చూసుకోవాలి అని పోలిక చెప్పాడు. నా మటుకు నాకు ఈ తగువంతటికీ కొలబద్ద అదే. సినిమా ఎంత మార్మికంగా ఉన్నా పేచీ లేదు. దీపం వెలిగించిందా లేదా? వెలుగు వెలుగంటూ చీకట్లో కూర్చోబెడితేనే నిరాశ.

గీసిన ప్రతి గీతకీ జవాబు

మామూలు సినిమాలో హీరో నడుస్తుంటే వెనక ఒక కుక్క రోడ్డు దాటిందనుకోండి, మనం పట్టించుకోం. షూటింగ్ రోజున అది అటుగా వచ్చి ఉంటుంది. బొమ్మల సినిమాలో అలా కుదరదు. అక్కడ కుక్క ఉందంటే ఎవరో కూర్చుని దాన్ని గీశారు, రంగులేశారు, ఒక్కో అడుగూ కదిలించారు. యాదృచ్ఛికం అనేది ఆ లోకంలో లేదు. అందుకే "ఇదెందుకుంది?" అన్న ప్రశ్న యానిమేషన్ చూసేటప్పుడు మరీ పదునుగా లేస్తుంది. జవాబు దొరక్కపోతే కోపమూ అంత పదునుగానే వస్తుంది.

దానికి తోడు మన అలవాటొకటి. బొమ్మలంటే పిల్లల వ్యవహారం, పిల్లల వ్యవహారం అంటే తేటతెల్లంగా ఉంటుంది అనుకుని పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్తాం. తెలుగు వాడి చెవి కూడా ఒక రకం అద్భుతానికి అలవాటు పడింది. మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ కథలు'లో ప్రతి మజిలీలోనూ కాశీకి నడిచే గోపాలుడి కంట ఏదో ఒక వింత పడుతుంది. వెంట ఉన్న యతి మణిసిద్ధుడు తన మణి సాయంతో దాని వెనక కథంతా చెప్తాడు. వింత ముందు, విప్పడం తర్వాత, మర్నాడు మళ్ళీ ప్రయాణం. 'చందమామ'లో శంకర్ బొమ్మలతో వచ్చిన బేతాళ కథల్లోనూ చివర్లో ఒక చిక్కు ప్రశ్న, విక్రమార్కుడి జవాబు. 'మాయాబజార్' (1957)లో ప్రియదర్శిని పెట్టె తెరిస్తే ఎవరికి ఇష్టమైనది వాళ్ళకి కనబడుతుంది. ఆ ఒక్క నియమం తెలిశాక ఆ పెట్టెని చూసి ఎవరూ బుర్ర గోక్కోలేదు. మాయకి లెక్క ఉండాలన్నది మనకి ఉగ్గుపాలతో అబ్బింది.

అలాగని తెలుగు వాడికి అస్పష్టత పడదనుకుంటే పొరపాటు. వీరబ్రహ్మంగారి తత్వాలు భజనల్లో పాడుకునేవాళ్ళందరికీ వాటి గూఢార్థాలు తెలుసా? తెలియకుండానే తరాలు పాడుకున్నాయి. అయితే అక్కడ పట్టుకోవడానికి ఒక వరస ఉంది, తాళం ఉంది, పక్కన గొంతు కలిపే మనిషి ఉన్నాడు. అర్థం చేతికి అందకపోయినా దారం చేతిలో ఉంటుంది.

చీపురు గుర్తుంది

ఈ తగువులో మొదటి పెద్ద కేసు వాల్ట్ డిస్నీ 'ఫాంటేషియా'. 1940 నవంబరు 13న న్యూయార్క్‌లో మొదటిసారి చూపించారు. కథంటూ ఒకటి లేదు. లియొపోల్డ్ స్టొకోవ్‌స్కీ నడిపిన పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, దానికి తగ్గట్టు కదిలే బొమ్మలు. మొదటి ఖండం బాఖ్ సంగీతానికి గీసినది. అందులో గీసిన బొమ్మల్లో ఆకారాలు, రంగులు, అలలు, గీతలు తప్ప మనుషుల్లేరు, జంతువుల్లేరు. దాని రూపకల్పనకి జర్మనీ నుంచి వచ్చిన ఆస్కర్ ఫిషింగర్ అనే నైరూప్య చిత్రకారుణ్ణి పెట్టుకున్నారు. ఆయన గీసినవాటిని జనానికి మరీ దూరంగా ఉన్నాయని అక్కడ మార్చారు, ఇక్కడ మార్చారు. విసిగి ఆయన వెళ్ళిపోయాడు. అంటే సినిమా బయటికి రాకముందే స్టూడియో లోపలే ఈ తగువు జరిగింది: ఎంత నైరూప్యం అయితే జనం భరిస్తారు?

సినిమాకి ఇరవై లక్షల డాలర్లు దాటి ఖర్చయింది. ప్రత్యేక శబ్ద పరికరాలు బిగిస్తే గానీ ఆడదు. యుద్ధంతో యూరప్ మార్కెట్ మూసుకుపోయింది. మొదటి విడుదలలో డబ్బు రాలేదు. కానీ ఆ సినిమా పేరెత్తితే ఇవాళ్టికీ అందరికీ కళ్ళముందు కదిలేది మిక్కీమౌస్, నీళ్ళు మోసే చీపురు. గురువు టోపీ పెట్టుకుని మిక్కీ చీపురుకి ప్రాణం పోస్తాడు; ఆపే మంత్రం తెలీదు. గొడ్డలితో నరికితే ముక్క ముక్కకీ ఒక చీపురు లేచి, బకెట్లు పట్టుకుని బారులు తీరుతుంది. పద్మవ్యూహంలోకి వెళ్ళడమే గానీ బయటికి రావడం తెలియని అభిమన్యుడి కష్టమే అది. ఒక్క మాట లేకుండా చూసినవాళ్ళందరికీ తెలిసిపోతుంది. బాఖ్ ఖండంలోనూ వెలుగుంది, బోలెడంత ఉంది. చీపురు ఖండంలో దీపం కూడా ఉంది.

ఈ కథకి కొసమెరుపు 1969లో. అదే సినిమాని మత్తెక్కించే రంగుల పోస్టర్లతో మళ్ళీ విడుదల చేశారు. ఆనాటి కాలేజీ కుర్రాళ్ళు ఎగబడి చూశారు. సినిమా మారలేదు, చేసిన వాగ్దానం మారింది. 1940లో కుటుంబమంతా మిక్కీ కోసం వచ్చారు; 1969లో కుర్రాళ్ళు రంగుల కోసమే వచ్చారు. నిరాశలో సగం పోస్టర్ దగ్గరే పుడుతుందని అప్పుడే తేలిపోయింది.

గుడ్డులో ఏముంది?

రెండో కేసు ఇంకా కఠినమైనది. 1985లో జపాన్‌లో మమొరు ఒషీ తీసిన 'ఏంజెల్స్ ఎగ్'. బొమ్మల రూపకల్పన యొషితకా అమానో. డెబ్భై నిమిషాల పైచిలుకు సినిమాలో మాటలు అక్కడక్కడా మాత్రమే. పాడుబడిన నగరం. ఒక చిన్నపిల్ల పెద్ద గుడ్డుని గౌను కింద, పొట్ట దగ్గర దాచుకుని తిరుగుతుంటుంది. శిలువలాంటి ఆయుధం భుజాన వేసుకున్న యువకుడు ఎదురవుతాడు. గోడల మీద పెద్ద పెద్ద చేపల నీడలు ఈదుతుంటాయి. రాయిలా నిలబడిన జాలరులు ఉన్నట్టుండి లేచి ఈటెలు విసురుతారు. నీడలకి ఈటెలేం తగులుతాయి? గోడలు పగులుతాయి, అద్దాలు పగులుతాయి, చేపలు ఈదుతూనే ఉంటాయి.

ఆ ఒక్క దృశ్యం నన్ను చాలాకాలం వదల్లేదు. లేని చేపల కోసం ఉన్న ఊరిని పగలగొట్టుకునే మనుషులు! దానికి వివరణ అక్కర్లేదు. మధ్యలో యువకుడు నోవహు ఓడ కథని తనదైన పద్ధతిలో చెప్తాడు: పంపిన పక్షి తిరిగి రాలేదు, ఓడలోవాళ్ళు ఎదురుచూసి చూసి ఆ పక్షినే మరిచిపోయారు. అంటే ఈ పిల్ల గుడ్డు ఆ పక్షిదేనా? చివరికి ఒక రాత్రి, పిల్ల నిద్రలో ఉండగా అతను ఆ గుడ్డు పగలగొడతాడు. పొద్దున్న లేచి ఆమె వేసిన కేక నిజంగా గుండెల్లో దిగుతుంది.

ఇంత ఉండీ ఆ సినిమా వ్యాపారపరంగా మునిగింది. కొన్నాళ్ళపాటు ఒషీకి పని దొరకడమే కష్టమైంది. అదేమిటో తనకీ తెలియదని ఆయనే చెప్పుకున్నాడు. నిశ్చలంగా నిలిచిపోయే షాట్లు, మంచం మీద నిద్రపోతున్న పిల్ల, పక్కన కూర్చున్న యువకుడు, తరిగిపోతున్న మంట, నిమిషాల తరబడి అంతే. ప్రేక్షకుడి చేతిలో దారం ఎక్కడ జారిపోతుందంటే అక్కడే. నలభై ఏళ్ళ తర్వాత, 2025లో, దాన్ని కొత్తగా శుభ్రం చేసి కాన్ చిత్రోత్సవంలో పాత క్లాసిక్కుల వరసలో చూపించారు. ఇప్పుడు వెళ్ళేవాళ్ళకి ముందే తెలుసు, కథ కోసం రాకూడదని. మళ్ళీ అదే సంగతి: సినిమా అదే, వాగ్దానం వేరు.

దీనికి ఎదురు నిలబెట్టదగ్గది సతోషి కోన్ 'పప్రికా' (2006). కలల్లోకి దూరే యంత్రాన్ని ఎవరో దొంగిలించారు, వాడెవడో పట్టుకోవాలి. అంతే కథ. ఆ కొక్కానికి తగిలించి ఆయన ఎంత పిచ్చినైనా వేలాడదీశాడు: ఫ్రిజ్‌లు, కప్పలు, బొమ్మలు కలిసి చేసే ఊరేగింపు కూడా. ఒకచోట పెద్ద డాక్టరు మామూలుగా మాట్లాడుతూ, మాట్లాడుతూ, వాక్యం మధ్యలో అర్థంపర్థం లేని మాటల్లోకి జారి, నవ్వుతూ పరిగెత్తి కిటికీలోంచి దూకుతాడు. మెలకువకీ కలకీ మధ్య గడప ఎక్కడ దాటాడో మనకి చెవితోనే తెలుస్తుంది. గందరగోళం అక్కడ కథలోని మనుషులకి, మనకి కాదు.

కొంగ వెంట

ఇక మియజాకీ దగ్గరికి వద్దాం. ఆయన మాయకి లెక్క తెలియని మనిషి అనడానికి వీల్లేదు. 'స్పిరిటెడ్ అవే' (2001) చూసినవాళ్ళకి ఆ లోకం నియమాలు ఇప్పటికీ నోటికొచ్చు. ఆ లోకపు తిండి కాస్తైనా తినకపోతే మాయమైపోతావు. ఆశపడి మెక్కితే పందివైపోతావు. నీ పేరు మరిచిపోతే ఇంటికి పోలేవు. చిహిరో అనే పిల్ల పేరులోంచి అక్షరాలు లాక్కుని సేన్ అని మిగులుస్తుంది ఆ లోకంలోని స్నానశాల యజమానురాలు. ఎన్ని వింతలొచ్చినా మనం ఆ పేరు కోసం భయపడుతూనే ఉంటాం. 'హౌల్స్ మూవింగ్ కాజిల్' (2004)లో ఆ పట్టు సడలడం మొదలైంది. ఎవరు ఎవరితో ఎందుకు యుద్ధం చేస్తున్నారో తెలీదు. చివర్లో దిష్టిబొమ్మ రాకుమారుడైపోయి యుద్ధం ఆపిస్తానని వెళ్తాడు. అయినా శాపం తగిలి ముసలిదైపోయిన సోఫీ మన చెయ్యి వదల్లేదు గనక గట్టెక్కాం.

'ది బాయ్ అండ్ ది హెరాన్' మొదటి గంట ఆయన తీసినవాటిల్లోనే గొప్పది. యుద్ధకాలపు టోక్యో, రాత్రి, ఆసుపత్రి మంటల్లో ఉంది. లోపల తల్లి. పన్నెండేళ్ళ మహితో మెట్ల మీద నుంచి పరిగెత్తుతాడు. చుట్టూ జనం నీడల్లా, మసిలా, సాగిపోయిన ముఖాలతో కదులుతారు. వేడికి చూపే కరిగిపోతున్నట్టుంటుంది. ఆ తర్వాత పల్లె. తండ్రికి యుద్ధవిమానాల విడిభాగాల ఫ్యాక్టరీ. తల్లి చెల్లెలు నత్సుకో ఇప్పుడు తండ్రి భార్య, కడుపుతో ఉంది. బడి నుంచి వస్తూ మహితో ఒక రాయి తీసుకుని తన తలకి తనే కొట్టుకుంటాడు. ధారగా రక్తం. ఎందుకో ఎవరికీ చెప్పడు. సినిమా కూడా చెప్పదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. తల్లి పోయిన పిల్లాడి మౌనం ఆ ఒక్క దెబ్బలో ఉంది. చక్కగా వెలిగించిన దీపం అది.

అప్పుడు బూడిదరంగు కొంగ వస్తుంది, మన చెరువుల దగ్గర నారాయణపక్షి అంటామే, అది. ముక్కు లోపల మనిషి పళ్ళు. మీ అమ్మ బతికే ఉంది రమ్మంటుంది. కొంగ జపం సంగతి తెలిసిన తెలుగు వాడు వెంటనే అనుమానిస్తాడు. నిజమే, అది చూపించిన తల్లి ముట్టుకోగానే నీళ్ళయి కారిపోతుంది. ఆ తర్వాతే లోకం కింద లోకం తెరుచుకుంటుంది. పుట్టబోయే ప్రాణాలు తెల్లటి బుడగల్లా పైకి తేలుతుంటాయి. వాటిని తినే పెలికన్లు. మనుషుల్ని తినే చిలుకలు, వాటికొక రాజు. నిప్పుతో ఆడే హిమి అనే అమ్మాయి. రాళ్ళు పేర్చి ఆ లోకాన్ని నిలబెడుతూ, ఇక పదమూడు రాళ్ళతో నువ్వు పేర్చమని మహితోని అడిగే ముత్తాత వరస పెద్దాయన. ఒక్కొక్కటీ అందమే. కానీ ఒక నియమం మనకి అర్థమయ్యేలోపు ఇంకో గది తలుపు తెరుచుకుంటుంది. చచ్చిపోతున్న పెలికన్ తన జాతి ఆకలి గురించి చెప్పి కళ్ళు మూస్తుంది. ఆ దుఃఖం నిలిచేలోపే చిలుకల కవాతు. చివరికి రాళ్ళ దొంతర కూలితే లోకం కూలుతుంది. కూలినందుకు నాకు ఏమీ అనిపించలేదు. ఆ లోకం నిలవాలని నేనెప్పుడు కోరుకున్నాను గనక?

సమర్థించేవాళ్ళు ఇక్కడ ఒక తాళంచెవి ఇస్తారు. ఇది మియజాకీ ఆత్మకథ అంటారు. అందులో అబద్ధం లేదు. ఆయన పుట్టింది 1941లో. తండ్రి నిజంగానే యుద్ధవిమానాల భాగాలు తయారుచేసే కుటుంబ వ్యాపారంలో ఉన్నాడు. కుటుంబం టోక్యో వదిలి వెళ్ళింది. తల్లి ఏళ్ళ తరబడి క్షయతో మంచం పట్టింది. రాళ్ళు పేర్చే పెద్దాయనలో ఉన్నది 2018లో పోయిన సహచర దర్శకుడు ఇసావో తకహాతా అనీ, కొంగ తనేననీ నిర్మాత తొషియో సుజుకీ చెప్పుకున్నాడు. అప్పుడు రాళ్ళ దొంతర ఒక సినిమా స్టూడియో అవుతుంది, వారసుడు లేని కళ అవుతుంది. బాగుంది. కానీ ఈ తాళంచెవి సినిమాలో లేదు, ఇంటర్వ్యూల్లో ఉంది. టికెట్ కొనుక్కుని వచ్చిన మనిషి ముందుగా నిర్మాత ముచ్చట్లు చదువుకుని రావాలంటే, దీపం పక్కింట్లో పెట్టి ఈ ఇంట్లో చదువుకోమన్నట్టే.

పిన్ని

తీర్పు ఇక్కడితో ఇచ్చేసి ఉండేవాణ్ణి. కానీ కొన్నాళ్ళకి ఇంట్లో రెండోసారి చూశాను, ఆపి ఆపి. అప్పుడు దొరికిన దారం ఒకటి చెప్పాలి.

పల్లెలో బండి దిగిన మొదటి రోజే నత్సుకో ఆ పిల్లాడి చెయ్యి తీసుకుని తన పొట్ట మీద పెట్టుకుంటుంది. వాడు బిగుసుకుపోతాడు. తర్వాత ఆమె ఎవరని కింది లోకంలో అడిగితే, మా నాన్నకి ఇష్టమైన మనిషి అంటాడు. అంతే తప్ప వరస కలపడు. వాడు కింది లోకానికి వెళ్ళిందే, ఇంటి దగ్గరున్న పాత గోపురంలోకి నడిచిపోయిన నత్సుకోని వెతుక్కుంటూ. చాలా గదులు దాటాక ఆమె కనబడుతుంది. పురిటిగదిలో. అక్కడికి ఎవరూ వెళ్ళకూడదు. మంచం పైన కాగితపు తోరణాలు గిరగిరా తిరుగుతుంటాయి, వాడు అడుగు పెట్టగానే లేచి వాణ్ణి కొడతాయి. ఆమె, నువ్వంటే నాకు అసహ్యం, పొమ్మని అరుస్తుంది. అప్పుడు వాడు మొదటిసారి ఆమెని అమ్మా అని పిలుస్తాడు, పేరుకి అమ్మ చేర్చి. ఆమె ముఖం మారిపోతుంది.

మొదటిసారి హాల్లో ఇది నా కళ్ళముందే జరిగింది, నేను చూడలేదు. కాగితాలెందుకు ఎగురుతున్నాయా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. పైగా కింద పరిగెత్తే ఇంగ్లీషు అక్షరాలు చదువుకోవడం ఒకటి. నిజానికి ఈ దృశ్యం మనకి మరీ కొత్తదేం కాదు. పురిటి మైల, పురిటిగది గడప దగ్గర ఆపేసిన మగపిల్లలు, మన ఇళ్ళలో పాతతరం వాళ్ళకి బాగా తెలిసినవే. అక్క పోతే చెల్లెల్ని ఇచ్చి చెయ్యడమూ తెలుసు. ఇంకా చెప్పాలంటే ఆ పిల్లాడి నోట రాని మాట మన భాషలో తయారుగా ఉంది. అమ్మ చెల్లెల్నీ పిన్ని అంటాం, నాన్న రెండో భార్యనీ పిన్ని అంటాం. ఒకే మాటలో రెండు చుట్టరికాలూ ఇమిడిపోయాయి. మహితో చేసిన ప్రయాణమంతా ఆ రెండు అర్థాలూ ఒకే మనిషిలో కలిపి చూడగలగడానికే. కింది లోకంలో హిమిగా కనబడ్డ అమ్మాయి చిన్ననాటి తన తల్లే అని తెలుసుకుంటాడు, ఆమెని వదిలి పిన్నిని వెంటబెట్టుకుని బయటికొస్తాడు.

ఈ దారం పట్టుకుని చూస్తే సగం గందరగోళం తొలగుతుంది. తెల్ల బుడగలు పుట్టబోయే తమ్ముడి సంగతి అవుతాయి. నిప్పు తల్లిని తినేసిన మంట అవుతుంది, ఆ నిప్పే చిన్ననాటి తల్లి చేతిలో ఆయుధమూ అవుతుంది. అంటే దీపం ఉంది. పైన చిలుకల రాజ్యాన్నీ రాళ్ళ రాజకీయాన్నీ పోగేసి, ఆ వత్తి కనబడకుండా చేశాడు దర్శకుడు. నా నిరాశ పూర్తిగా పోలేదు గానీ దాని చిరునామా మారింది. సినిమా ఖాళీ అన్నది నా మొదటి ఫిర్యాదు. నిండిపోయి ఊపిరాడలేదన్నది ఇప్పటి ఫిర్యాదు.

పేరు చేసిన పని

వాగ్దానం సంగతి ఇక్కడా ఉంది. జపాన్‌లో 2023 జులై 14న ఈ సినిమా విడుదలైనప్పుడు ట్రైలర్ లేదు, ప్రకటనలు లేవు. కొంగ బొమ్మ ఉన్న ఒక్క పోస్టర్. అక్కడి పేరు ఒక ప్రశ్న: మీరెలా బతుకుతారు? 1937లో గెంజబురో యొషినో రాసిన పుస్తకం పేరు అది. సినిమా ఆ పుస్తకం కథ కాదు. చనిపోయిన తల్లి కొడుకు కోసం దాచి ఉంచిన పుస్తకంగా ఒకచోట కనబడుతుంది, చదువుతూ వాడు ఏడుస్తాడు. ఆ పేరుతో హాల్లోకి వెళ్ళినవాడు ప్రశ్న చేతపట్టుకుని వెళ్తాడు. బయట దేశాలకి వచ్చేసరికి అదే సినిమా 'కుర్రాడూ కొంగా' అయింది. ఆ పేరు విన్న తండ్రి కూతుర్ని తీసుకొస్తాడు. పక్షితో స్నేహం, సాహసం, చివర్లో వీడ్కోలు అనుకుంటాడు. దొరికింది వేరు. ఆ ఆదివారం నా ముందు వరసలో కూర్చున్న మనిషికి జరిగింది ఇదే. ఆయన స్థాయిని ఎవరూ అనుమానించనక్కర్లేదు.

మనకి ఈ సంగతి ముందు ముందు ఇంకా ఎదురవుతుంది. 2025లో యూగో సాకో, రామ్ మోహన్‌ల పాత బొమ్మల సినిమా 'రామాయణ' తెలుగులోనూ మళ్ళీ వచ్చింది. 'మహావతార్ నరసింహ' తెలుగు హాళ్ళలో జనంతో ఆడింది. జపాన్ నుంచి 'డెమన్ స్లేయర్' తెలుగు మాటలతో దిగింది. ప్రహ్లాదుడి కథ తెలిసినవాడికి స్తంభం బద్దలైతే ఎందుకని అడగాల్సిన పనిలేదు. దీపం ఇంటి నుంచే తెచ్చుకుంటాడు. తెలియని పురాణంలోంచి వచ్చే బొమ్మల దగ్గరే అసలు పరీక్ష.

మాటల్లేని పిల్లి

ఆ పరీక్ష నెగ్గొచ్చని చూపించిన సినిమా ఒకటుంది. లాత్వియా దేశపు గింట్స్ జిల్బలోడిస్ తీసిన 'ఫ్లో' (2024). మియజాకీ తర్వాతి ఏడాదే అదే ఆస్కార్ గెలుచుకుంది. బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేశారు. ఒక్క మాట లేదు. వరద ఎందుకొచ్చిందో చెప్పరు. మనుషులేమయ్యారో చెప్పరు. ఒక పిల్లి, ఒక కుక్క, కాపిబారా, లెమూరు, పొడుగు కాళ్ళ పక్షి ఒక పడవలో పోతుంటాయి. ఒకచోట ఆ పక్షి కొండకొమ్మున వెలుగులోకి తేలిపోయి మాయమవుతుంది. మోక్షమా, మరణమా? ఏదీ తేల్చరు. ఐనా నేను చూసినచోట ఎవరూ "అర్థమైందా?" అని పక్కవాళ్ళని అడగలేదు. నీళ్ళంటే భయపడే పిల్లి నీళ్ళలో దిగి చేప పట్టడం నేర్చుకుంది. తడి ఒళ్ళు దులుపుకుంటూ ఆ చేపని తెచ్చి మిగతావాటి ముందు పెట్టింది. ఆ దీపం చాలు. పక్షి ఎటు పోయినా మనం చీకట్లో లేం.

కాబట్టి వివరించడం, వివరించకపోవడం మీద లేదు తగువు. 'ఏంజెల్స్ ఎగ్' చేపలు, 'పప్రికా' ఊరేగింపు, 'ఫ్లో' పక్షి, మహితో తలకి కొట్టుకున్న రాయి, వీటిలో ఏదీ వివరించినది కాదు. ప్రతిదాని పక్కనా మాత్రం మనకి తెలిసిన ఒక భయమో, ఆకలో, ఇష్టమో నిలబడి ఉంది. అది పక్కన లేనిచోటల్లా ఎంత అందమైన బొమ్మైనా ఆరిపోయింది.

జేబులో రాయి

సినిమా చివర్లో కొంగ మహితోని అడుగుతుంది, అక్కడ జరిగింది నీకింకా గుర్తుందా అని. వాడు జేబులోంచి ఒక చిన్న రాయి తీసి చూపిస్తాడు, కింది లోకం నుంచి తెచ్చుకున్నది. దానికేమంత శక్తి లేదులే, నెమ్మదిగా అన్నీ మరిచిపోతావు, అదే మంచిది అని కొంగ ఎగిరిపోతుంది.

హాల్లోంచి వచ్చిన రోజున నా జేబులో ఏమీ లేదనుకున్నాను. ఇప్పుడు తడుముకుంటే ఒకటి తగులుతోంది: పురిటిగదిలో ఎగిరే కాగితాల మధ్య, వరస కలిపి పిలిచిన ఒక పిల్లాడి గొంతు. పదమూడు రాళ్ళ లెక్క నాకిప్పటికీ తేలలేదు, చిలుకల రాజు ఎందుకున్నాడో తెలీదు. ఆ తండ్రి మళ్ళీ ఎదురుపడి అదే ప్రశ్న నన్నడిగితే, అంతా అర్థమైందని అబద్ధం చెప్పను. పాపకి పిన్ని ఉందా అని మాత్రం అడుగుతాను. ఉంటే, ఈసారి ఆమెతో కలిసి చూడమంటాను.